కానుకల మూట
(ఒక లేఖాగ్రంథ పరిశీలనము)

పొరుగు రాష్ట్రములందు తరతరములుగా నిలిచిన తెలుగువారికి మూట యనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. ఊరినుండి వచ్చిన ఆవకాయ జాడీకి చుట్టిన పాతగుడ్డను చూచియే అది యెవరి చేతి ముడియో గుర్తింపగల పెద్దలు మన యిండ్లలో నుండిరి. పంపినవారును బంధువులే, అందుకొన్నవారును బంధువులే. కాని యెన్నడును ముఖము చూడని వారు తపాలా మూలమున కానుకలు పంపుకొనుట యెట్టిది? అందు ప్రేమ యెంత? దాతృత్వపు దర్ప మెంత? దూరముగా నుండుటలోని సౌకర్య మెంత? చేతిలోని ఫోను ద్వారా పరిచయమై, ఒకరి గుమ్మమునకు ఒకరు పార్సెళ్లు పంపుకొను నేటి మిత్రులకును ఈ ప్రశ్న తప్పదు. దీనిని విచారించుటకు 1970లో వెలువడిన ఒక చిన్న ఆంగ్ల గ్రంథము మిక్కిలి యుపకరించును. దాని పేరు ‘84, చారింగ్ క్రాస్ రోడ్’. రచయిత్రి అమెరికా దేశీయురాలు హెలీన్ హాన్ఫ్.

కథ స్వల్పము. న్యూయార్కు నగరమున రచననే నమ్ముకొని, చాలీచాలని రాబడితో కాలము గడుపుచుండిన ఈమె, 1949 అక్టోబరులో లండనులోని మార్క్స్ అండ్ కో అను పాతపుస్తకముల దుకాణమునకు తనకు కావలసిన గ్రంథముల పట్టిక పంపెను. దుకాణము పక్షమున ప్రత్యుత్తర మిచ్చినవాడు ఫ్రాంక్ డోయెల్ అను ఉద్యోగి. ఈ యుత్తర ప్రత్యుత్తరములు 1968లో ఆయన మరణించువరకు సాగినవి. వారిరువురును ఒకరినొకరు చూడనే లేదు. గ్రంథమంతయు లేఖలే, నడుమ రచయిత్రి వ్యాఖ్యానము లేదు.

యుద్ధము 1945లో ముగిసినను, బ్రిటనులో ఆహారపు రేషను 1954 జూలై వరకు పూర్తిగా తొలగలేదు. మాంసము, గ్రుడ్లు అపురూపమైన కాలమది. ఒక ఆంగ్లేయ మిత్రుని వలన ఈ సంగతి తెలిసికొని, హెలీన్ డెన్మార్కునుండి ఆహారము పంపు వ్యాపారసంస్థ ద్వారా ఆ దుకాణమువారికి క్రిస్మసు మూట పంపించెను. అందు ఆరు పౌనుల పందిమాంసము కలదు. ఆర్డరు పంపిన పిదప ఆమె గుండె జల్లుమన్నది. యజమానుల పేర్లు మార్క్స్, కోహెన్! వారు ఆచారపరులైన యూదులైనచో పందిమాంసము ముట్టరు గదా! అట్లయినచో వేరు మాంసము పంపెదనని వెంటనే వ్రాసినది. నవ్వు పుట్టించు ఆ లేఖయే నా దృష్టిలో ఈ గ్రంథమునకు ఆయువుపట్టు. కేవల దాతకు మూట కట్టుటతో తృప్తి కలుగును. స్నేహితునికి మూట పంపిన పిదపనే ఆరాటము మొదలగును. తరువాత గ్రుడ్లు పంపదలచినప్పుడు, పొడిచేసినవి కావలయునా, పెంకుతో నున్నవి కావలయునా యని ఆమె ముందుగా అడుగుటయు ఈ గుణమే.

అందుకొనుట ఇచ్చుటకంటె కష్టము. ఆ యుద్యోగులు తిరిగి యేమి ఇయ్యగలరు? వారియొద్ద నున్నవి పుస్తకములు. 1951లో వారు ఎలిజబెతు యుగపు కవితాసంపుట మొకటి, పుటల యంచులకు బంగారు పూత కలదానిని, ఆమెకు కానుకగా పంపిరి. తమ యభినందనమును పుస్తకమున వ్రాయక, విడికాగితముపై వ్రాసి లోపల నుంచిరి. వ్రాసినచో పుస్తకము వెల తగ్గునేమో యను వ్యాపారస్థుల జంకు అది. పుస్తకముననే వ్రాసియుండిన దాని విలువ తనకు పెరిగెడిదని ఆమె ముద్దుగా కోపగించినది. అంగడి లెక్కకును అనుబంధపు లెక్కకును గల భేదము ఇంతకంటె సులభముగా చెప్పుట కష్టము. తరువాత వారు డోయెల్ పొరుగింట నుండిన ఎనుబదేండ్లు దాటిన ముదుసలి చేతికుట్టుపని చేసిన మేజాగుడ్డను పంపిరి. మాంసమునకు మేజాగుడ్డ సరియా యని తూకము వేయువానికి ఈ గ్రంథము రుచింపదు. ఆమె తనకు వీలైనది పంపినది. వారు తమ చేతనైనది పంపిరి. అందువలననే అందుకొన్నవారు ఋణగ్రస్తులు గాక మిత్రులైరి.

డోయెల్ స్వభావము మితభాషిత్వము. తోటి యుద్యోగులు ఆయనకు తెలియకుండ హెలీనుకు జాబులు వ్రాసికొనుచుండగా, ఆయన మాత్రము వ్యాపార మర్యాద విడువలేదు. పేరునకు ముందు ‘మిస్’ అను గౌరవపదమును విడిచి ఆమెను పేరుతో సంబోధించినది 1952 ఫిబ్రవరిలో. రెండేండ్లకు పైగా మూటలు సముద్రము దాటినగాని ఆ యొక్క పదము తొలగలేదు. స్నేహము పక్వమగు క్రమమును వర్ణనలు లేకయే ఇట్లు చూపుట ఈ గ్రంథమునకు గల విశేషము.

లోపము లేకపోలేదు. లేఖల నేర్చి కూర్చినది దాతయే. అందువలన ఆమె చమత్కారము, అల్లరి ప్రతి పుటలో మ్రోగును. అవతలివారి కంఠము సన్నగా వినవచ్చును. భర్త మరణానంతరము డోయెల్ భార్య వ్రాసిన లేఖ యొకటి కలదు. భర్త ఆమె జాబుల నంతగా ఆనందించుట చూచి, తాను అప్పుడప్పుడు అసూయపడితినని ఆ సాధ్వి దాచక యొప్పుకొన్నది. దానికి హెలీన్ వ్రాసిన ప్రత్యుత్తరము గ్రంథమున కానరాదు. పాఠకుడు అచ్చట ఆగి, ఈ స్నేహమునకు మరియొక యింట ఎవరు మూల్యము చెల్లించిరో తానే యూహించుకొనవలయును.

రేషను తొలగిన పిదప మూటల యవసరము తీరినది. గ్రంథమున లేఖలును పలుచబడినవి. లండనుకు రమ్మని వారు పిలుచుచునే యుండిరి. ఆమె వచ్చెదననుచునే యుండెను. 1953 నాటి పట్టాభిషేకమునకు కూర్చుకొన్న ధనము దంతవైద్యమునకు వ్యయమయ్యెను. పిదప వేరు ఖర్చులు. 1968 డిసెంబరులో డోయెల్ మరణించెను. 1970లో దుకాణము మూతపడినది. ఈ గ్రంథప్రచురణ పుణ్యమున 1971లో ఆమె లండను చేరునప్పటికి ఆ గదులు శూన్యములు. ధనాభావమే కారణమని లేఖలు చెప్పును. నాకు మాత్రము, మూట తన బదులు వెళ్లుచున్నదను ధైర్యమును కొంత కారణమని తోచును. మంచి కానుక మనిషి లోటును తీర్చును. తీర్చుటవలననే ప్రయాణము వాయిదా పడును.

మనలో ఎందరు ఊరనున్న పెద్దలకు మందులు, బట్టలు తపాలాలో పంపి, పండుగకు తప్పక వచ్చెదమని వ్రాయుచుందుము! పంపుట తప్పు కాదు. ఇంత శ్రద్ధతో పంపుట ఈ గ్రంథమువలన నేర్వదగినది. కాని దీనిని ముగించినవారు తమ మూటకు ముడివేయునప్పుడు, తోడుగా రైలు టిక్కెట్టు సంగతియు తలపోయుదురుగాక యని నా కోరిక.