మూడో పేరాలో ఉన్న ప్రశ్న

అమెరికాలో పీహెచ్‌డీ దరఖాస్తులకు గడువు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో ముగుస్తుంది. అందుకే దసరా దాటగానే పిల్లలు సిఫారసు లేఖల కోసం నా గదికి వస్తారు. ముందు మీ ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) చూపించండి, అంటాను. అది చదవకుండా లేఖ రాయను.

చాలావాటిలో మొదటి వాక్యం ఒకటే: చిన్నప్పటి నుంచి సైన్సంటే ప్రాణం. అమీర్‌పేటలో డబ్బిచ్చి రాయించుకున్నా అదే, సీనియర్ ఫైలు తెచ్చుకుని పేర్లు మార్చినా అదే. ఇందులో పిల్లల తప్పు లేదు. ఇంటర్ నుంచీ వాళ్ళతో జవాబులే రాయించాం. నీకు ఏ ప్రశ్న కావాలి అని ఎవరం అడగలేదు. ఎస్‌ఓపీ అడిగేది సరిగ్గా అదే.

ఆమధ్య ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అమ్మాయి ఒకతె రెండు పేజీలు తెచ్చింది. వాళ్ళది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. ర్యాంకులు, సెమినార్లు అయ్యాక మూడో పేరాలో ఒక్క వాక్యం: ప్రాజెక్టు కోసం మా ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ కొలిచాను.

"ఎంత వచ్చిందమ్మా?"

"లీటరుకు 4 మిల్లీగ్రాములు దాటింది మేడమ్."

మన ప్రమాణం 1 మిల్లీగ్రాము. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. ఊళ్ళో ఇప్పుడు నల్లా నీళ్ళు వస్తున్నాయి గానీ బోరు బోరే కదా. ఇక ఆ పిల్ల ఆగలేదు. జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించిన నల్లగొండ టెక్నిక్‌ను ల్యాబ్‌లో చేసి చూసిందట. పటిక, సున్నం కలిపితే ఫ్లోరైడ్ మడ్డితోపాటు అడుగుకు దిగుతుంది. నీళ్ళు బాగుపడ్డాయి, కానీ పటిక చాలా పట్టింది.

"ఆ మడ్డిని ఊళ్ళో ఎక్కడ పొయ్యాలి మేడమ్? వాన పడితే ఫ్లోరైడ్ మళ్ళీ నేలలోకే పోదా?"

ఈ మాటతోనే మొదలుపెట్టి మళ్ళీ రాసుకురా, అన్నాను.

మళ్ళీ రాస్తుంటే ఆమె దరఖాస్తు జాబితాయే మారిపోయింది. అంతకుముందు ర్యాంకింగ్ చూసి కెమిస్ట్రీ విభాగాలు రాసుకుంది. నీటి శుద్ధి మీద పనిచేసేవాళ్ళు ఎక్కువగా ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో ఉంటారని పేపర్లు చదివాకే తెలిసింది. ఎమ్మెస్ ఆలోచన కూడా పోయింది. వాళ్ళ నాన్న దానికోసం పొలం తాకట్టు పెట్టడానికి సిద్ధపడి ఉన్నాడు. అక్కడ సైన్స్, ఇంజినీరింగ్ పీహెచ్‌డీలో టీఏ (టీచింగ్ అసిస్టెంట్) గానో ఆర్‌ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) గానో తీసుకుంటే సాధారణంగా ట్యూషన్ ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. ఈ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అప్పుకు సంతకం చేయబోతున్న ప్రతి తండ్రికీ ఈ తేడా ఎవరైనా ముందే చెప్పాలని నా ఆరాటం. ఆమె మడ్డి ప్రశ్నకు అమెరికానే కావాలనీ లేదు. ఇక్కడ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. దానికోసం నెట్ పరీక్ష కూడా రాయమ్మా అన్నాను, రాసింది.

అమెరికాలో రెండు చోట్ల నుంచి ఫండింగ్‌తో సీటు వచ్చింది. అలా ఇచ్చిన చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 వరకు జవాబు కోసం ఆగుతాయి. ఆ వ్యవధిలో రెండు ల్యాబుల విద్యార్థులతోనూ మాట్లాడమన్నాను. పీహెచ్‌డీ పూర్తవడానికి ఎన్నేళ్ళు పడుతోంది, రాసి ఇచ్చింది గైడు ఎన్నాళ్ళకు చదువుతారు, వేసవిలో జీతం ఎవరిస్తారు అని అడగమన్నాను. వేసవి మాట మాత్రం మరిచిపోవద్దని గట్టిగా చెప్పాను. చాలా చోట్ల టీఏ జీతం తొమ్మిది నెలలకే. ఆమె పెద్ద పేరున్న చోటును వదులుకుని, విద్యార్థులు తడుముకోకుండా జవాబు చెప్పిన ల్యాబ్‌ను ఎంచుకుంది.

ఇప్పుడు మొదటి సెమిస్టర్. కోర్సులు, వారానికి 20 గంటల టీఏ పని, ల్యాబ్‌లో ఇంకా చెయ్యి పెట్టలేదు. అదే ఆమె దిగులు. మొన్న ఫోన్‌లో అరగంట మాట్లాడితే అందులో ఎక్కువ భాగం మడ్డి గురించే. నేల ఆమ్లగుణాన్ని బట్టి అందులోంచి ఫ్లోరైడ్ ఎంత బయటికొస్తుందో గైడు ముందు చదివి రమ్మన్నారట.