ఫోటోపుస్తకం: వరుస, మాట, ధర

మన విమర్శ కథను పట్టించుకుంది. నవలను పట్టించుకుంది. వచన కవిత గురించి ఏళ్ళ తరబడి వాదులాడుకుంది. ఫోటోపుస్తకాన్ని మాత్రం సాహిత్యంతో సంబంధం లేని వ్యవహారంగా వదిలేసింది. ఫోటో అంటే మనకు అట్టమీది బొమ్మ, లేదా సంస్మరణ సంచికలో రచయిత ముఖం. అంతకుమించి దానికి పుస్తకంలో పని ఉంటుందని నేనూ చాలాకాలం అనుకోలేదు. ఆ అభిప్రాయం ఎందుకు మార్చుకోవలసివచ్చిందో, మార్చుకునే క్రమంలో ఏయే తప్పులు చేశానో చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో కొంత ఆత్మవిమర్శ తప్పదు. ఎందుకంటే ఆ తప్పులు నా ఒక్కడివే కావు. శ్రామికుల గురించి రాసే మనందరికీ ఉన్న ఒక అలవాటులోంచి వచ్చినవి.

2012లో, ఫోటోలు తీసే మిత్రుడొకడు పోచంపల్లి పరిసర గ్రామాల్లోని చేనేత కుటుంబాల మధ్య మూడేళ్ళు తిరిగి తీసిన ఫోటోలు నా దగ్గరికి తెచ్చాడు. వాటితో పుస్తకం వెయ్యాలనీ, ఒక్కొక్క దాని కింద నాలుగు మాటలు రాసిపెట్టమనీ అడిగాడు. నాలుగు మాటలు రాయటం మనకు చేతకాని పని కాదు గదా! వారం రోజుల్లో నలభై ఫోటోలకు నలభై కవితాఖండికలు రాసి ఇచ్చాను.

వాటిలో ఒకటి ఆసు పోస్తున్న స్త్రీ ఫోటో. ఇక్కత్ చీరకు అద్దకం కంటె ముందే పేక నూలును కొలత ప్రకారం అమర్చుకోవాలి. అర్ధచంద్రాకారంలో మేకులున్న చట్రం ముందు కూర్చుని, ఈ కొస నుంచి ఆ మేకుకూ, ఆ మేకు నుంచి ఈ కొసకూ దారాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి. మధ్య దూరం సుమారు మీటరు. ఒక చీరకు చెయ్యి 9,000 సార్లు ఇలా కదలాలని లెక్క చెబుతారు. ఇది తరతరాలుగా ఇంటి ఆడవాళ్ళ పని. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ళ తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేసి దానికి ఆమె పేరే పెట్టిన సంగతి, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చిన సంగతి ఇప్పుడు చాలామందికి తెలుసు. మా మిత్రుడు ఫోటో తీసిన ఇంటికి మాత్రం అప్పటికి ఆ యంత్రం రాలేదు.

ఆ ఫోటోలో ఆమె చెయ్యి గాలిలో ఉంది. తలుపులోంచి వెలుగు ముంజేతిమీద పడుతోంది. వేళ్ళ మధ్య దారం సన్నగా మెరుస్తోంది. నేను దాని కింద నాట్యముద్ర అని రాశాను. శ్రమసౌందర్యం అని రాశాను. ఆ చెయ్యి రేపు పిడికిలవుతుందని కూడా రాశాను.

అచ్చువాళ్ళు డమ్మీ అనే నమూనా ప్రతి తయారుచేసుకుని ఇద్దరం ఆ ఊరు వెళ్ళాం. ఆమె ఫోటోను చాలాసేపు చూసింది. కింద ఏం రాశారో చదవమంది. చదివాను.

"మంచిగనే ఉన్నది సారూ. మరి చెయ్యి గుంజుతదని రాయలేదా?" అంది. కొంచెం ఆగి, "ఎన్నిసార్లు తిప్పాల్నో గదన్న రాయుండ్రి. ఫోటోల చూస్తే ఒక్కపారి తిప్పినట్టే ఉన్నది" అంది.

ఫోటో స్వభావం గురించి నేను తరవాత చదివినవేవీ ఈ మాటకంటె సూటిగా చెప్పలేదు. ఫోటో ఒక క్షణాన్ని ఆపుతుంది. శ్రమ ఆ క్షణంలో లేదు. దాన్ని వేలసార్లు తిరిగి చెయ్యటంలో ఉంది. తొమ్మిదివేల సార్లు తిరిగే చేతిని ఒక్కసారి దగ్గర ఆపేస్తే శ్రమ కాస్తా భంగిమ అయిపోతుంది. ఆ లోపాన్ని పూరించవలసిన నా కవిత దానికి మెరుగులు దిద్దింది. శ్రామికవర్గం పేరు చెప్పి రాసినంత మాత్రాన రచనకు శ్రామిక దృక్పథం రాదని వేదికలమీద ఎన్నోసార్లు చెప్పినవాణ్ణి. అది నాకే వర్తిస్తుందని ఆ గడపలో కూర్చున్నప్పుడు తెలిసింది.

సమస్య కొత్తది కాదు. క్రుప్ కర్మాగారం ఫోటో ఆ సంస్థ గురించి దాదాపు ఏమీ చెప్పదన్న బ్రెహ్ట్ అభిప్రాయాన్ని వాల్టర్ బెన్యమిన్ 1931లోనే ఫోటోగ్రఫీ చరిత్రమీది తన వ్యాసంలో ఉదహరించాడు. ఫోటోలో గోడలూ గొట్టాలూ కనిపిస్తాయి. ఆ గోడల వెనక మనుషుల మధ్య ఉన్న సంబంధాలు కనిపించవు. బ్రెహ్ట్ ఈ మాట అని ఊరుకోలేదు. ప్రవాసంలో ఉండగా పత్రికల్లోంచి యుద్ధం ఫోటోలు కత్తిరించుకుని ఒక్కొక్క దాని కింద నాలుగేసి పాదాల పద్యం రాశాడు. ఆ 'వార్ ప్రైమర్' 1955లో తూర్పు బెర్లిన్‌లో పుస్తకంగా వచ్చింది. ఆ పద్యాలు ఫోటోను వర్ణించవు, దానితో వాదిస్తాయి. పత్రిక ఏ ఉద్దేశంతో ఆ ఫోటోను అచ్చువేసిందో దాన్ని ఎదిరించి నిలబడతాయి. నా ఖండికలకూ వాటికీ తేడా ప్రతిభలో ఉందని సరిపెట్టుకోవచ్చు. అసలు తేడా పనిలో ఉంది. కంటికి కనిపిస్తున్నదాన్నే నేను మళ్ళీ చెప్పాను. కనిపించనిదాన్ని ఆయన చెప్పాడు.

మాటకూ బొమ్మకూ మధ్య ఇంకో రకం ఒప్పందం కూడా ఉంది. జేమ్స్ ఏజీ, వాకర్ ఇవాన్స్ 1936 వేసవిలో ఒక పత్రిక పనిమీద అలబామా వెళ్ళి మూడు పత్తి కౌలు కుటుంబాల దగ్గర ఉండి చేసిన పుస్తకం 1941లో వచ్చింది. అందులో ఫోటోలన్నీ ముందుంటాయి. వాటి కింద ఒక్క అక్షరం ఉండదు. తరవాత ఏజీ వచనం వందల పేజీలు సాగుతుంది. ఎవరి పని వారిది. ఒకరు ఇంకొకరికి సేవకులు కారు. పద్ధతిలో ఇంత నిజాయితీ ఉన్న ఆ పుస్తకం గురించి కూడా ఆ కుటుంబాల వాళ్ళు కొందరు తరవాత నొచ్చుకున్నారు. తమ పేదరికాన్ని లోకమంతా చూసిందన్న బాధ అది. రచయితల నిజాయితీ ఒకటే చాలదనటానికి అదే నిదర్శనం.

ఆ ఊరి నుంచి తిరిగొచ్చాక నా ఖండికలన్నీ పక్కన పెట్టాం. చిన్న ప్రింట్లు నేలమీద పరిచి మళ్ళీ మొదలుపెట్టాం. ఫోటోలు బాగున్నంత మాత్రాన పుస్తకం కాదని అప్పుడు అర్థమయింది. మంచి వాక్యాలన్నీ ఒకచోట చేరిస్తే కథ అవుతుందా? రాబర్ట్ ఫ్రాంక్ 1955, 56 సంవత్సరాల్లో అమెరికా అంతా తిరిగి తీసిన ఇరవైవేలకు పైగా ఫోటోల్లోంచి 83 మాత్రం ఏరి 'ది అమెరికన్స్' చేశాడు. అది 1958లో పారిస్‌లోనూ, మరుసటి ఏడు అమెరికాలోనూ వచ్చింది. అందులో జాతీయజెండా పాటలో పల్లవిలాగా మళ్ళీ మళ్ళీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ చుట్టూ ఉన్న మనుషుల్నిబట్టి దాని అర్థం మారుతుంది. ఫోటోపుస్తకంలో శిల్పం అంటే ప్రధానంగా ఈ వరుసే.

మా వరుసలో మొదటి చిక్కు ఆసు ఫోటోతోనే. మిత్రుడు ఆ మధ్యాహ్నం తీసినవన్నీ వెతికి, ఒకేచోట కూర్చుని తీసిన ఆరు ఫోటోలు బయటపెట్టాడు. విడివిడిగా చూస్తే ఐదింటిని పారెయ్యవచ్చు. వరసగా పెడితే వెనక గోడమీద ఎండ జరుగుతూ పోతుంది. చెయ్యి మాత్రం అక్కడే ఉంటుంది. ఆ ఆరూ చిన్నవిగా ఆరు పేజీల్లో వేశాం. కింద గంటలు మాత్రం రాశాం. చివరిదాని కింద ఇలా రాశాం: "ఒక చీరకు 9,000 సార్లు. ఇది ఈ రోజుకు రెండో చీర." ఆ నలభై ఖండికల స్థానంలో నేను రాసినవి ఇలాంటి వాక్యాలే.

రెండో చిక్కు చీరతో వచ్చింది. పూర్తయిన చీరను ఎక్కడ పెట్టాలి? సహజంగా చివర అనిపిస్తుంది. అచ్చుఖర్చు భరిస్తానని ముందుకొచ్చిన ఒక వస్త్ర వ్యాపారి కూడా అదే కోరాడు. చివరి పేజీలో చీర కట్టుకున్న అందమైన అమ్మాయి ఉండాలన్నాడు. ఆయన కోరికలో మోసమేమీ లేదు. కాని ఆ ఒక్క పేజీతో మొత్తం పుస్తకం అర్థం మారిపోతుంది. కష్టమంతా చివరికి అందంగా ఫలించిందన్న తృప్తితో పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. నేతవాళ్ళ ఇంట్లో చీర ముగింపు కాదు. అది వెళ్ళిపోయిన మర్నాడే ఇంకో చీరకు ఆసు మొదలవుతుంది. అందుకని చీరను మధ్యలో పెట్టి, పుస్తకాన్ని మళ్ళీ ఆసుతోనే ముగించాం. వ్యాపారి డబ్బు పోయింది. శిల్పం వస్తువును అనుసరిస్తుందని పుస్తకాల్లో చదివాను. ఎంత ఖర్చుతో అనుసరిస్తుందో అప్పుడు చూశాను.

డబ్బు పోయాక ధర సంగతి వచ్చింది. పుస్తకం వెల ఒకరోజు ఆసు కూలిని మించకూడదని నియమం పెట్టుకున్నాం. దాంతో ఆర్ట్ పేపరు పోయింది, గట్టి అట్ట పోయింది. మాప్‌లిథో కాగితం, పదహారేసి పేజీల ఫారాలు మూడు, మొత్తం 48 పేజీలు, నడుమ పిన్నులు. ప్రెస్సులో పెద్దాయన ప్రూఫు చూసి, "ఈ కాగితం సిరా తాగుద్దండీ. నలుపు తగ్గించి ఇవ్వండి, లేకపోతే ముఖాలు మసైపోతాయ్" అన్నాడు. నెలరోజులు కూర్చుని మిత్రుడు ప్రతి ఫోటోనూ మళ్ళీ సరిచేశాడు. ఆ ముతక కాగితంమీద వెలుగు తగ్గింది, తళుకు తగ్గింది. అందులో నష్టం కొంత ఉంది, లాభమూ ఉంది. ఆసు చెయ్యి ఇప్పుడు నాట్యముద్రలా లేదు.

పిన్ను పుస్తకంలో ఒకే కాగితంమీద పక్కపక్కన పడి, మడతలో చీలకుండా విచ్చుకునేవి నట్టనడిమి రెండు పేజీలే. 48 పేజీల్లో అవి 24, 25. చీరను అక్కడ పరిచాం. ఆలోచనతో తేల్చుకున్న చోటే చౌక బైండింగు కూడా చీరకు చోటిచ్చింది.

ఇన్ని మాటలు చెప్పాక, చూసేవాడి స్థానం గురించి చెప్పకపోతే విమర్శ పూర్తికాదు. 1876-78 నాటి మద్రాసు రాజధాని కరువును, మన వాళ్ళు ధాత కరువు అని చెప్పుకున్నదాన్ని, హూపర్ అనే సైనికాధికారి ఫోటోలు తీశాడు. ఎముకలగూళ్ళయిన మనుషుల్ని గుంపులుగా కూర్చోబెట్టి తీసినవి అవి. ఆల్బములకెక్కి చేతులు మారాయి. 1943 బెంగాల్ కరువులో కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి పి.సి.జోషి వెంట సునీల్ జానా తిరిగి తీసిన ఫోటోలు 'పీపుల్స్ వార్' పత్రికలో, ఆ కరువుకు కారకులెవరో చెప్పే వార్తల పక్కన అచ్చయ్యాయి. ఆ రోజుల్లోనే చిత్తప్రసాద్ బొమ్మలతో వేసిన 'హంగ్రీ బెంగాల్' ప్రతుల్ని ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. రెండు కరువుల్లోనూ కెమెరా ముందున్నది ఆకలే. పక్కన అచ్చయిన మాట, చేరిన చేతులు వేరు. అదే జానా ఫోటోను ఈనాడు గాలరీ గోడమీద ఒంటరిగా తగిలిస్తే అది మళ్ళీ హూపర్ ఆల్బమువైపు నాలుగడుగులు వేస్తుంది.

మా పుస్తకం 500 ప్రతులు వేశాం. అందులో లోపం లేదని చెప్పను. ఒక కళాశాలలో చర్చ జరిగినప్పుడు తెలుగు ఎమ్మే చదువుతున్న అమ్మాయి లేచి, "ఈ చీర ఎవరు కొన్నారు సార్? ఎంతకు?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. నూలు ఇచ్చి చీర తీసుకుపోయే ఆసామి తన కొట్లోకి కెమెరాను రానివ్వలేదు. ఫోటో లేదు కాబట్టి పుస్తకంలో ఆయనా లేడు. మగ్గం కనిపించింది, చెయ్యి కనిపించింది, చీర కనిపించింది. వాటిని కలిపే ఖాతాపుస్తకం కనిపించలేదు. క్రుప్ కర్మాగారం ఫోటో గురించి బ్రెహ్ట్ చెప్పిన లోపాన్నే నలభై ఫోటోలతో మేమూ చేశాం. కెమెరాను రానివ్వని కొట్లోకి మాట వెళ్ళగలదు. నూలు ధర, రంగు ధర, కూలి, అమ్మిన ధర ఒక ఖాళీ పేజీలో నాలుగు వరుసలుగా రాస్తే చాలు. రచయితగా నా అసలు పని అదే. దాన్నే వదిలేశాను.

ఇప్పుడు ఫోన్ లేని చెయ్యి లేదు, ఫోటో తీయని ఊరు లేదు. పది ప్రతులైనా వేసిచ్చే డిజిటల్ ప్రెస్సులు వచ్చాయి. మన యువరచయితలు ఫోటోపుస్తకాలు వేస్తారు, వెయ్యాలి. వాటిని సమీక్షించేటప్పుడు ఫోటోలు బాగున్నాయని రాసి ఊరుకోవద్దని నా మనవి. వరుస ఎవరి పక్షాన ముగిసిందో చూడాలి. కింది మాట ఫోటోలో లేనిదాన్ని చెప్పిందో, ఉన్నదాన్నే ముస్తాబు చేసిందో చూడాలి. ఫోటోలో ఉన్న మనిషి ఆ పుస్తకాన్ని కొనుక్కోగలడో లేదో వెనక అట్టమీది ధర చూసి తేల్చాలి.

ఆ ఊరికి నలభై ప్రతులు తీసుకువెళ్ళాం. ఆమె మనవడిచేత ఆరు పేజీలూ చదివించుకుంది. గంటలు చదివాడు. తొమ్మిదివేలు అని చదివాడు. "ఆ, గట్ల" అంది. నా రాతలకు వచ్చిన సమీక్షలన్నిటిలోకీ చిన్నది అదే. రెండో ముద్రణకు ఖాతా పేజీ రాస్తున్నాను. అది పూర్తయ్యాక మొదట చదివి వినిపించవలసింది ఆమెకే.