సహృదయత: స్వీకారమా, సడలింపా?

కొత్త భావానికి చోటివ్వగల మనఃస్థితిని సూచించడానికి తెలుగు విమర్శ తరచుగా ఆశ్రయించే మాట 'సహృదయత'. విమర్శకు వెలుపల ఈ మాట వేరే పనులు చేస్తున్నది. ముద్రణదోషాలను సహృదయులు మన్నించాలని కోరే పీఠికల్లో అది క్షమ. సహృదయులు ఆదుకోవాలనే పత్రికా విజ్ఞప్తుల్లో అది దయ. అలంకారశాస్త్రం ఉద్దేశించినది ఈ రెండూ కాదు.

సంస్కృతంలో 'సహృదయ' శబ్దం బహువ్రీహి: హృదయంతో కూడినవాడు, లేదా కవితో సమానమైన హృదయం గలవాడు. 'సహృదయంతో అర్థం చేసుకోవాలి' అనే నేటి ప్రయోగంలో అది కర్మధారయంలా మారి 'మంచి హృదయం' అయింది. 'సహ' ఉన్నచోట 'సత్' వినిపిస్తున్నదన్నమాట. వ్యవహారంలో ఇటువంటి అర్థవిపరిణామం సహజమే. చిక్కంతా ఆ అర్థం విమర్శ పరిభాషలోకి ప్రవేశించడంతోనే.

9వ శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం మూడవ ఉద్ద్యోతంలో సహృదయత్వం అంటే ఏమిటని సూటిగానే ప్రశ్నించాడు. రసభావాలతో నిమిత్తం లేకుండా కావ్యానికి సంబంధించిన కొన్ని సంకేతాలు తెలిసి ఉండడమా? రసభావమయమైన కావ్యస్వరూపాన్ని గ్రహించే నైపుణ్యమా? మొదటిదాన్ని ఆయన తోసిపుచ్చాడు. కొందరు ఏర్పరచిన సంకేతాన్ని మరికొందరు మార్చివేయగలరు గనుక దానికి నిలకడ లేదన్నది ఆయన వాదం. ఈ వాదానికి తెలుగు విమర్శలో దక్కవలసినంత ప్రాధాన్యం దక్కలేదు. లోచనకారుడు అభినవగుప్తుడి నిర్వచనమే పాఠ్యగ్రంథాల్లో పదేపదే కనిపిస్తుంది: కావ్యానుశీలన అభ్యాసంచేత నిర్మలమైన మనోదర్పణం, వర్ణ్యవస్తువుతో తన్మయం కాగల యోగ్యత. ఇక్కడ 'అభ్యాసం' అన్న మాట కీలకం. అద్దం తనంత తాను నిర్మలం కాదు. అయితే పాత కావ్యాలతోనే తుడిచిన అద్దంలో కొత్త వస్తువు ఎంతవరకు ప్రతిఫలిస్తుందన్న సందేహానికి ఈ నిర్వచనంలో సమాధానం దొరకదు.

తెలుగులో ఆ సందేహం 1990లలో ప్రత్యక్షంగా ఎదురైంది. 'నీలిమేఘాలు' (1993), 'చిక్కనవుతున్న పాట' (1995) సంకలనాల్లోని స్త్రీవాద, దళిత కవిత్వంలో ఔచిత్యం లోపించిందనీ, భాష కవిత్వోచితం కాదనీ అభ్యంతరపడినవారు తమ అభిరుచినే సహృదయతగా భావించారు. ఆనందవర్ధనుడి విభజన ప్రకారం చూస్తే, వారి వద్ద ఉన్నది చాలావరకు సంకేతపరిజ్ఞానమే. శరీరం గురించి, అంటరానితనం గురించి ఏ మాట కవిత్వంలోకి రావచ్చునన్నది ఒక వర్గం చేసుకున్న ఏర్పాటు. దాన్ని ఇంకొక వర్గం మార్చింది.

దీనికి ఎదురుగా నిలిచిన ధోరణి కూడా నిర్దోషమైనది కాదు. అణగారిన వర్గాల రచనను 'సహృదయంతో' చదవాలన్నప్పుడు, నిర్మాణంలోని సడలికను ఎత్తిచూపవద్దన్న సూచన అందులో ఇమిడి ఉంటుంది. కవిని సమానుడిగా కాక సానుభూతికి పాత్రుడిగా చూసే వైఖరి ఇది. తిరస్కారం కనీసం వాదానికి అవకాశమిస్తుంది. ఈ రాయితీ అదీ ఇవ్వదు.

'సహృదయ విమర్శ' అంటే గుణగ్రహణం మాత్రమే అనే అవగాహన ఇందువల్లనే స్థిరపడుతున్నది. ఆ అవగాహనతో చూస్తే 'సంవేదన' సంపాదకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి వంటి నిష్ఠురవిమర్శకుడిని సహృదయుల జాబితాలో చేర్చడం కష్టం. అభినవగుప్తుడి కొలతతో చూస్తే ఆయనను తప్పించడం కష్టం. రచనను పదం పదంగా అనుశీలించి, అది ఎక్కడ తన్మయీభావాన్ని అడ్డుకుంటున్నదో చెప్పడానికి కూడా ఆ అద్దమే కావాలి.