పద్దుకెక్కని చీర

పోయిన నెల మా అమ్మాయి ఒక ఇంగ్లీషు నవల తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "నాయనా, ఇది మనవాళ్ళ కథ, చదువు" అన్నది. మనవాళ్ళంటే ఎవరమ్మా అని అడిగాను. "తెలుగువాళ్ళు, మగ్గంవాళ్ళు" అన్నది. ఆమె గాంధీపురంలో పుట్టి పెరిగిన పిల్ల. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. బడిలో నేర్చింది తమిళం, ఇంగ్లీషు. కృష్ణ ఒడ్డు కథ ఆమె చేతికి రావడానికి అమెరికా చుట్టి రావలసి వచ్చింది. ఆ మాట మనసులో ఉంచుకొనే చదివాను.

రచయిత్రి శోభా రావు. ఇండియాలో పుట్టి, ఏడేళ్ళ వయసులో అమెరికా వెళ్ళిన మనిషి. 2016లో దేశ విభజన చుట్టూ అల్లిన పన్నెండు కథలతో 'యాన్ అన్‌రిస్టోర్డ్ ఉమన్' అనే సంపుటి వెలువరించింది. 2025లో వచ్చిన 'ఇండియన్ కంట్రీ' వారణాసి నుంచి మాంటానా వెళ్ళిన దంపతుల కథ. ఈ రెంటి నడుమ, 2018లో వచ్చిన మొదటి నవల 'గర్ల్స్ బర్న్ బ్రైటర్'. నేను చెప్పబోయేది దీని గురించే.

ఇంద్రవల్లి అనే ఊరిలో ఒక నేతగాడి కూతురు పూర్ణిమ. తల్లి చనిపోయింది. ఇంట్లో రెండో మగ్గం మీద నేయడానికి సవిత అనే పిల్ల వస్తుంది. పూర్ణిమ కంటే పేదది, గుండెధైర్యం మాత్రం ఎక్కువ. పెరుగన్నంలో అరటిపండు కలుపుకు తినడం ఎంత సుఖమో పూర్ణిమకు నేర్పేది సవితే. స్నేహితురాలి పెళ్ళికి తన చేతులతో ఒక చీర నేయడం మొదలుపెడుతుంది. అది సగంలో ఉండగానే పూర్ణిమ తండ్రి సవితను చెరుస్తాడు. ఊరిపెద్దలు చెప్పిన తీర్పు, అతనే ఆమెను పెళ్ళాడాలని. సవిత ఊరు విడిచి వెళ్ళిపోతుంది. పూర్ణిమ అత్తవారింటికి వెళ్ళి, అక్కడ కాగిన నూనెకు ముఖం కాల్చుకొని, బయటపడి, సవితను వెతుక్కుంటూ విజయవాడ చేరుతుంది. చివరికి ఇద్దరూ వేరువేరు దారుల్లో సియాటిల్ చేరతారు.

నేను కామర్సు చదివినవాణ్ణి. సాహిత్య విమర్శ నా వృత్తి కాదు. ముప్ఫై ఏళ్ళుగా పద్దులు చూసిన కళ్ళతోనే చదివాను. ఈ నవల ఆ కళ్ళకే ఎక్కువ లొంగుతుందని నా అభిప్రాయం. ఇందులో ఆడపిల్ల కనబడిన ప్రతిచోటా ఒక అంకె ఉంది. పెళ్ళిచూపుల్లో కట్నం బేరం, పెళ్ళయ్యాక చెల్లని బాకీ, ఆ బాకీ పేరిట అత్తవారి హింస. సవిత చేతిని కోయడానికి కూడా వెల కడతారు. అన్నిటికంటే నన్ను నిలబెట్టిన ఘట్టం వేరు. విజయవాడలో ఆడపిల్లలను అమ్మే గురు అనేవాడి దగ్గర పూర్ణిమ లెక్కలు రాసే పనికి కుదురుతుంది. కట్నం పద్దుగా మొదలైన పిల్ల ఇప్పుడు తనలాంటివాళ్ళ పద్దు తానే రాస్తున్నది. సవిత జాడ తెలిసే దారి ఆ పుస్తకాల గుండానే ఉన్నది మరి. లెక్క రాసే చెయ్యి శుద్ధమైనదని మా వృత్తివాళ్ళం అనుకుంటాము. ఈ ఘట్టం ఆ నమ్మకాన్ని కదిలిస్తుంది.

చిట్టా ఆవర్జాలు ఎరిగినవారికి తెలుసు, ప్రతి ఖర్చుకూ ఎక్కడో ఒక జమ ఉండాలి. సవిత నేసిన సగం చీరకు మాత్రం ఈ నవలలో జమ లేదు. అడగకుండా, కూలి లేకుండా నేసినది. దేనికి వెల కట్టలేమో దానికోసమే ఇద్దరూ భూమి అవతలి అంచుదాకా నడిచారు. నవల సారమంతా ఇంతే అంటాను.

ఈ బేరం మనకు కొత్తది కాదు. గురజాడవారి 'కన్యాశుల్కం' అచ్చయింది 1897లో. అప్పుడు పిల్లనిచ్చి సొమ్ము తీసుకునేవారు. తరవాత సొమ్మిచ్చి పిల్లను అంపే రోజులు వచ్చాయి. జమ ఖర్చయింది, అంకె పోలేదు. కట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. అయినా 2022 ప్రభుత్వ లెక్కల్లోనే దేశంలో వరకట్న మరణాలు ఆరు వేలకు పైగా ఉన్నాయి.

ఇక్కడ నా సంగతి ఒకటి దాచకూడదు. ఇరవై ఏళ్ళ కిందట ఒక పల్లె బ్రాంచిలో ఉండగా ఒక నేతగాడు అప్పుకు వచ్చాడు. దరఖాస్తులో కారణం మగ్గం మరమ్మతు. అతని మగ్గం బాగానే ఉన్నదని, అప్పు కూతురి కట్నానికని నాకు తెలుసు. నాకు తెలుసునని అతనికీ తెలుసు. సంతకం పెట్టాను. మూడేళ్ళలో ఒక్క వాయిదా తప్పకుండా తీర్చాడు. మంచి ఖాతా అని నేనే రాశాను. ఆ పిల్ల అత్తవారింట్లో ఎలా ఉన్నదని ఒక్కనాడూ అడగలేదు. ఈ నవల మూసినప్పుడు నాకు గుర్తుకు వచ్చింది ఆ సంతకం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కష్టం మీద కష్టం పేర్చుకుంటూ పోవడంతో కొంతదూరం పోయాక పాఠకుడి మనసు మొద్దుబారుతుంది. మగవాళ్ళు దాదాపు అందరూ క్రూరులే. చివరలో వచ్చే మోహన్ ఒక్కడికే కాస్త మనసు దక్కింది. తండ్రికి బీదతనం ఉన్నది గాని లోపలి మనిషి లేడు. ఇద్దరూ ఎదురుపడబోయే చోట కథ ఆగిపోవడం కొందరికి నచ్చదు. నాకు నచ్చింది. ఆ తరవాతిది మనం చూడవలసినది కాదు, వాళ్ళిద్దరిదీ. ఇంత ఘోరం జరుగుతుందా అనేవారికి ఒక మాట: కృష్ణా జిల్లా వెల్వడం నుంచి ఆడపిల్లలను అమెరికాలోని బర్క్లీకి తరలించిన కేసు 2000లో బయటపడింది. అది కల్పన కాదు.

మరో కొరత ఉన్నది, అది రచయిత్రి తప్పు కాదు. నవలలో మగ్గం ఉన్నది, మగ్గం మాటలు లేవు. పడుగు, పేక, నాడె, ఆసు, అచ్చు: మా తాత నోట విన్న ఈ మాటలు ఇంగ్లీషులోకి ఎలా వస్తాయి? ఇటు కోయంబత్తూరు ప్రాంతంలోనూ మగ్గం మీద బ్రతికిన తెలుగు, కన్నడ కుటుంబాలు ఎన్నో. మగ్గాలతోపాటు ఆ మాటలూ మూలపడుతున్నాయి. మా అమ్మాయి "లూమ్" అని చదువుకుంది. మగ్గం అనే మాట ఆమెకు నా వల్లనే తెలుసు, ఆసు తెలియదు.

ముగించే ముందు ఇంకొక నవల తలుచుకోవాలి. ఇంట తెలుగు మాట్లాడి, తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ 1976లో 'గోపల్ల గ్రామం' వెలువరించారు. దాని తరువాయి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అందులో మన పెద్దలు దక్షిణాదికి ఎందుకు వచ్చారు? చెన్నాదేవి అనే పిల్ల మీద ఒక రాజు కన్ను పడితే, ఆమెను ఇవ్వలేక, ఇల్లూ పొలమూ వదిలి వచ్చారు. ఒక్క పిల్ల కోసం ఒక కుటుంబమంతా దేశం విడిచింది. శోభా రావు నవలలో పూర్ణిమ తండ్రి ఒక పాత సంగతి చెబుతాడు. పసిబిడ్డ ఏటిలోకి పోతూంటే, ఆడపిల్లే కదా, పోనిద్దామా అని ఒక క్షణం ఆగాడట. మన వలస కథలోని పెద్దలు ఆగలేదు. ఆ కథ మనదని చెప్పుకుంటాము గనుక, మన ఇళ్ళలో పెళ్ళి మాటలప్పుడు ఏ తండ్రిలా కూర్చుంటున్నామో ఎవరికి వారు చూసుకోవాలి.

ఈ వ్యాసం మా అమ్మాయి చదవలేదు. అచ్చయ్యాక నేనే చదివి వినిపిస్తాను. ఆ సంతకం దగ్గర ఆగకుండా చదవాలి.