భయపెట్టడం బోధన కాదు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పరిసర గ్రామాలలోని స్త్రీలకు గర్భాశయ కంఠపు కాన్సరును గూర్చి ఎట్లా బోధించవలెను? వ్యాధి ఘోరతను చూపే పటాలు, లక్షణాల పట్టిక, చివర “పరీక్ష చేయించుకోండి” అన్న సలహా: ఇటువంటి సభలు తరచుగా ఈ వరుసలోనే నడుస్తాయి. ఇందులో రెండు లోపాలున్నవి.

మొదటిది, లక్షణాలతో ఆరంభించడం. అకాల రక్తస్రావం, దుర్వాసనతో తెల్లబట్ట కనిపించేసరికి వ్యాధి తరచు ముదిరి ఉంటుంది. దీనికి మూలమైన హ్యూమన్ పాపిలోమా వైరస్ సోకినా, చాలామందిలో రెండేళ్లలోపే తనంతట తానే పోతుంది. కొందరిలో అది నిలిచిపోయి కణాలను మారుస్తుంది. ఆ మార్పు కాన్సరు కావడానికి సాధారణంగా 15, 20 ఏళ్లు పడుతుంది. ఈ వ్యవధియే అసలు పాఠం. ధర్మవరంలో పట్టుపోగు తెగితే మగ్గం మీదనే అతుకుతారు. చీర దిగిన తరువాత దిద్దడం కష్టం. ఈ మాట అక్కడి స్త్రీలకు వెంటనే బోధపడుతుంది.

రెండవది, భయపెట్టి దారి చూపకపోవడం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి సుమారు 9 మంది గర్భసంచి తీయించుకున్నారు. దేశంలో అదే అత్యధికం. 2019-21 సర్వేనాటికి ఈ కాన్సరు పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు, దేశం మొత్తంమీద 30-49 ఏళ్ల స్త్రీలలో నూటికి ఇద్దరైనా లేరు. గర్భసంచి ఆపరేషన్లకు కారణాలు అనేకం. కాని “తీయించుకుంటే పీడ పోతుంది” అనే నమ్మకమున్న చోట, భయం స్త్రీని పరీక్షకు గాక ఆపరేషనుకే తరుముతుంది.

పొరుగునున్న తమిళనాడులో వేరొక దారి ఫలించింది. దిండిగల్ జిల్లాలో 2000లో మొదలైన ప్రయోగంలో, శిక్షణ పొందిన నర్సులు 30-59 ఏళ్ల స్త్రీలకు గర్భాశయ కంఠంపై పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసి కంటితో పరీక్షించారు. మార్పు చెందిన భాగం తెల్లబడుతుంది. తొలిదశలో ఆ భాగాన్ని అతిశీతలంతో నశింపజేస్తే చాలు, గర్భసంచి తీయనక్కరలేదు. పరీక్షలు జరిపిన గ్రామాలలో ఈ వ్యాధి మరణాలు 35 శాతం తగ్గినట్లు 2007లో వెల్లడైంది.

కనుక సభలో చెప్పవలసినవి ఇవి: 30 ఏళ్లు దాటినవారు బాధ లేకున్నా అయిదేళ్లకొకసారి పరీక్ష చేయించుకోవలెను, దానికి కొద్ది నిమిషాలే పడుతుంది, తెల్లమచ్చ అంటే కాన్సరని అర్థం కాదు. 9-14 ఏళ్ల బాలికలకు టీకా రక్షణనిస్తుంది. అయినా పెద్దయ్యాక పరీక్ష మానరాదు. హిందూపురం వైపు కన్నడం మాట్లాడే స్త్రీలకు ఈ మాటలు కన్నడంలోనే చెప్పవలెను.

సభకు ఎందరు వచ్చారన్నది లెక్క కాదు. ఆ తరువాత ఎందరు పరీక్షకు వెళ్ళారన్నదే బోధనకు గీటురాయి.