విజ్ఞాపనలో ఎవరి పేరు?

క్రైస్తవ ఆరాధనలో రోగులు, ప్రయాణికులు, విధవరాండ్రు, పంటలు, పాలకులు అన్న వరుసలో, ఇతరుల పక్షాన సంఘమంతా కలిసి దేవునికి చేసుకొనే మనవిని విజ్ఞాపన ప్రార్థన అంటారు. దానిని నడిపించడం ఒక విద్య అనీ, అప్పటికప్పుడు నోటికి వచ్చినది చెప్పడం కంటే శనివారం రాత్రి కూర్చొని రాసుకొన్నది చదవడమే మేలనీ ఈ శీర్షిక ఎన్నోసార్లు వాదించింది గనుక, ఈ వారమూ అదే పల్లవి ఎత్తుకొంటే పాత పాఠకులు నవ్వుకొని పేజీ తిప్పవచ్చు. అయినా ఎత్తుకోక తప్పడం లేదు. కర్ణాటకలోని రాయచూరు జిల్లా అరకేర ప్రాంతంలో గత ఆదివారం కన్నడంలో మొదలై తెలుగులో ముగిసిన ఒక విజ్ఞాపనలో పాలకుల వంతు వచ్చేసరికి ప్రార్థించేవారి గొంతు మారి, ముందు వరుసలో శాలువాతో కూర్చొన్న నాయకుడి పేరు మూడుసార్లు వినిపించి, ఆయన తలపెట్టిన ప్రతి కార్యమూ సఫలం కావాలన్న మనవి దగ్గర ఆమేన్ మామూలు కంటే బిగ్గరగా పలికింది. ఆ ప్రార్థనలో చోటు దొరకనిది పార్టీ గుర్తు ఒక్కటే.

పాలకుల కోసం ప్రార్థించడం తప్పు కాదు సరికదా, తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు సంఘానికి అప్పగించిన విధుల్లో అది ముందు వరుసది. సంప్రదాయ వ్యాఖ్యానం ప్రకారం ఆ మాట రాసిన నాటికి రోమును ఏలుతున్నవాడు క్రీ.శ. 54 నుంచి 68 దాకా సింహాసనం మీద ఉన్న నీరో కాబట్టి, ఆ ప్రార్థన చేసినవారికి దాని వల్ల ఒరిగేది ఏమీ లేదు. ప్రార్థన పదవికి చెందినది, పదవిలో ఉన్న మనిషి అందులో అద్దెకున్నవాడు మాత్రమే. అచ్చు వేసిన ఆరాధన క్రమాలలో పాలకుడి పేరు ఉండవలసిన చోటు ముందే నిర్ణయమై ఉండేది గనుక, నచ్చిన రాజు కోసం ఒక వాక్యం ఎక్కువా నచ్చని రాజు కోసం ఒక వాక్యం తక్కువా పలికే వెసులుబాటు యాజకుడికి ఉండేది కాదు. రాసిన ప్రార్థనను ఈ శీర్షిక వెనకేసుకు రావడానికి ఇదే పెద్ద కారణం. నోటికి వచ్చిన ప్రార్థన ఎదుట కూర్చొన్నవారి ముఖం చూసి పెరుగుతుంది, తరుగుతుంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1988లో పార్లమెంటు చేసిన మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం గుడి, మసీదు, చర్చి, గురుద్వారా అన్న భేదం లేకుండా ఏ మత సంస్థ ఆవరణనూ రాజకీయ కార్యకలాపానికి వాడరాదని నిషేధించగా, మతం పేరిట ఓటు అడగడాన్ని ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ఎన్నికల అక్రమంగా పరిగణిస్తుంది. ఆ నిషేధం అభ్యర్థి మతానికే కాక ఓటరు మతానికి కూడా వర్తిస్తుందని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 ఆధిక్యంతో తేల్చింది. అయితే పోలీసు కేసు భయం వల్ల పవిత్రంగా ఉండే ప్రసంగ వేదిక పవిత్రమైనది అనిపించుకోదు.

ఆ పవిత్రతకు ఆధారం సంప్రదాయ క్రైస్తవం. ఇక్కడ ఆ మాటకు అర్థం చెప్పాలి, ఎందుకంటే పత్రికలు ఆ మాటను అమెరికా వార్తల నుంచి తెచ్చుకొని ఒక పార్టీకి పర్యాయపదంగా వాడుతున్నాయి. వాక్యాన్ని ప్రకటించడం, బాప్తిస్మమూ ప్రభు భోజనమూ ఇవ్వడం, సంఘ క్రమశిక్షణ పాటించడం అన్నవే సంఘానికి దేవుడు అప్పగించిన పనులనీ, రోడ్లూ పన్నులూ సైన్యమూ సంఘం పని కాదనీ నమ్మడమే ఇక్కడ ఆ మాటకు అర్థం. దేవుడు ఒక చేత్తో సువార్త ద్వారా సంఘాన్నీ, ఇంకో చేత్తో ఖడ్గమూ చట్టమూ ద్వారా లోకాన్నీ పాలిస్తాడని, ఒక చేతి పని ఇంకో చేతికి అప్పగించరాదని లూథర్ చెప్పిన దానిని రెండు రాజ్యాల సిద్ధాంతం అంటారు. 1842లో లూథరన్ మిషనరీ హెయర్ దొర గుంటూరు వచ్చిన నాటి నుంచి తెలుగు లూథరన్లకు అది పరిచితమే. ఆ లెక్కన ముందు వరుసలోని శాలువా ఒక చేతి వస్తువును ఇంకో చేతిలో పెట్టడమే అవుతుంది.

ఈ విషయంలో తెలుగు సంఘాలకు ఉన్న గొప్ప ఉదాహరణ, ఈ శీర్షిక పదేపదే పిలుచుకొచ్చే వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి జిల్లాలో 1874లో పుట్టిన ఈ తమిళుడు, తన ప్రాంతపు క్రైస్తవులు 1903లో తమ డబ్బుతో తామే స్థాపించుకొన్న మిషనరీ సంఘం పక్షాన 1909లో దోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకొన్న మొదటి భారతీయుడయ్యారు. దోర్నకల్ అప్పట్లో నిజాం రాజ్యంలోనిది. 1956 దాకా అరకేర ఉన్న రాయచూరు జిల్లా కూడా హైదరాబాదు రాష్ట్రంలోనిదే గనుక, ఆ బిషప్ కథ ఇక్కడివారికి పొరుగు రాష్ట్రపు కథ కాదు, ఒకే దివాణం కింద నడిచిన కథ. 1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్లదొరల ముఖం మీదే, భారతీయులకు వారి దయాదాక్షిణ్యాల కంటే స్నేహం కావాలని అడిగిన మనిషి, 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథడ్రల్‌కు మసీదును తలపించే గుమ్మటాలనూ గుడిని తలపించే స్తంభాలనూ పెట్టించిన మనిషి, మురికి, రోగం, అప్పు, తాగుడు అన్న నాలుగూ పల్లెను పట్టిన నాలుగు దయ్యాలని ఊరూరా చెప్పిన మనిషి, ఏ పార్టీ వేదిక మీదకూ సంఘాన్ని మోసుకుపోలేదు.

ఆయన నిలకడకు అసలు పరీక్ష ఎదురైనది నియోజకవర్గాల విషయంలో. ఒక మతంవారు తమ మతం అభ్యర్థులకే, తమలో తామే ఓటు వేసుకొనే పద్ధతిని ప్రత్యేక నియోజకవర్గం అంటారు. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని మెక్‌డొనాల్డ్ ప్రకటించిన కమ్యూనల్ అవార్డు దానిని భారత క్రైస్తవులకు కూడా ఇచ్చింది. పన్నీర్‌సెల్వం వంటి క్రైస్తవ నాయకులు దానిని కోరుకోగా, కె.టి.పాల్, ఎస్.కె.దత్తా వంటివారు రౌండ్ టేబుల్ సమావేశాల కాలంలోనే వద్దన్నారు, అజరయ్య కూడా వద్దనే అన్నారు. ఆ నిరాకరణ వెనక ఉన్న తర్కం ఇప్పటికీ పదును కోల్పోలేదు: ఓట్ల లెక్కే బలమైన చోట ప్రతి బాప్తిస్మమూ ఒక ఓటు చేరికగా కనిపిస్తుంది, కనిపించిన తరువాత పొరుగువాడు సువార్తను నమ్మకంతో వినడు, సంఘం కూడా కొన్నాళ్లకు తన మందను తలల లెక్కలోనే చూసుకోవడం మొదలుపెడుతుంది. విచిత్రమేమంటే, 1935 అక్టోబర్‌లో యేవలాలో అంబేద్కర్ తాను హిందువుగా చనిపోనని ప్రకటించిన తరువాత వేడెక్కిన మతమార్పిడి చర్చలో, తలల లెక్కను ఎవరు తిరస్కరించారో ఆ అజరయ్యకే గాంధీతో తీవ్ర విభేదం ఏర్పడింది. 1945 జనవరి 1న కన్నుమూసే దాకా ఆయన పల్లెల్లో బాప్తిస్మాలు ఇవ్వడమూ మానలేదు, వాటిని ఓట్లుగా మార్చుకోవడానికీ ఒప్పుకోలేదు. ఆయన పోయిన నాలుగేళ్లకు, 1949 మేలో, రాజ్యాంగ సభ సలహా సంఘంలో మతపరమైన రిజర్వుడు స్థానాలను వదులుకోవాలన్న తీర్మానాన్ని ప్రతిపాదించినవారు బెంగాలీ క్రైస్తవుడైన హెచ్.సి.ముఖర్జీ.

ఓట్ల ప్రస్తావన వచ్చింది గనుక ఒక పక్కదారి. పార్టీ రాజకీయం చర్చిలోకి రావద్దనే పెద్దలే పాస్టరేట్ కమిటీ ఎన్నికల్లో ప్యానెళ్లు కట్టి, కరపత్రాలు వేసి, చివరకు కోర్టు మెట్లు ఎక్కుతున్నారు. 1941లో మద్రాసులో ఆరంభమై హైదరాబాదులోని హెబ్రోను కేంద్రం ద్వారా తెలుగు నేలంతా వ్యాపించిన సువార్తికుడు బక్త్ సింగ్ సహవాసాలు ఓటింగ్ అన్నదే లేకుండా, పెద్దలు ఏకమనస్సు అయ్యేదాకా ప్రార్థనలో కనిపెట్టడమనే పద్ధతిని పాటించాయి. అందులోనూ గట్టి గొంతువాడి మాటే నెగ్గే ప్రమాదం లేకపోలేదు. కానీ కరపత్రాలకు కాగితం ఖర్చయినా మిగిలింది.

ఇంతవరకు చదివినవారికి ముగింపు తెలిసిపోయి ఉంటుంది: శాలువాను బయట పెట్టండి, మైకు లాక్కోండి, పాలకుల పదవి కోసం ఒక్క వాక్యం చదివి రోగుల దగ్గరికి వెళ్లండి, రాజకీయం ఆరాధనలో వద్దు. ఈ శీర్షిక కూడా అక్కడే ఆగిపోవాలని కూర్చొన్నది. ఆగనివ్వనిది ఒక ప్రభుత్వ ఫారంలోని గడి.

2025 సెప్టెంబర్ 22న కర్ణాటకలో మొదలైన సామాజిక, విద్యా సర్వేకు సిద్ధం చేసిన జాబితాలో హిందూ కులాల పేర్లకు క్రైస్తవ అన్న మాట జోడించిన గళ్లు ఉండడం మీద పెద్ద దుమారం రేగి, వెనుకబడిన తరగతుల కమిషన్ వాటిని గణకుల యాప్ జాబితాలో కనిపించకుండా చేసింది. పార్టీలు ఆ గడిని తమకు తోచిన రీతిగా వాడుకొన్నాయి. కానీ తాత కాలం నుంచి బాప్తిస్మం పొందిన ఒక మాదిగ కూలీ ఆరాధన అయ్యాక అయ్యగారి దగ్గరికి వచ్చి, గణకుడికి ఏ మాట చెప్పాలి అని అడిగితే, అది రాజకీయ ప్రశ్న కాదు. అబద్ధ సాక్ష్యం చెప్పరాదన్న ఆజ్ఞకు సంబంధించిన ప్రశ్న. లూథరన్ల లెక్కలో అది ఎనిమిదవ ఆజ్ఞ, మిగిలిన ప్రొటెస్టంట్ల లెక్కలో తొమ్మిదవది. లెక్కలో తేడా ఉన్నా ఆజ్ఞలో లేదు.

ఆ ఆజ్ఞను బోధించే సంప్రదాయవాది వెంటనే ఇంకో కాగితాన్ని ఎదుర్కొంటాడు. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి జారీ చేసిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించే వ్యక్తి షెడ్యూల్డ్ కులానికి చెందడు. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ ఆ తలుపు తెరిచారు, క్రైస్తవులకు మాత్రం 1936 నాటి బ్రిటిష్ ఉత్తర్వు నుంచి అది మూసే ఉంది. మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకొనే సూసై అనే క్రైస్తవుడు, తన పక్కన అదే పని చేసే హిందువులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన బడ్డీ కొట్టు తనకు ఎందుకు ఇవ్వరని సుప్రీంకోర్టుకు వెళితే, మతం మారాక కూడా అవే బాధలు అంతే తీవ్రంగా కొనసాగుతున్నాయన్న రుజువు చాలలేదని 1985లో ఆ కోర్టు కేసు కొట్టివేసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డ్ కులాలవారికి దొరికేది బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. అందువల్ల నిజం చెప్పినవాడి కొడుకు ఒక శాతం వరుసలోనూ, చెప్పనివాడి కొడుకు పెద్ద వరుసలోనూ నిలబడతారు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, చర్చికి వెళుతూ కోటా కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని తీర్పు చెప్పినప్పుడు, అయ్యగార్లు చాలామంది ఆ ఆదివారం వేరే వాక్యభాగం ఎంచుకొన్నారు.

ఆ మౌనానికి రాజకీయాలకు దూరం అన్న పేరు పెట్టుకోవడం తప్పు. నిజం చెప్పమని వేదిక మీద నుంచి అడిగేవారు, ఆ నిజానికి రాజ్యం విధించిన వెల ఎంతో కూడా అదే వేదిక మీద నుంచి, పార్టీ పేరు ఎత్తకుండా, ఉత్తర్వు పేరు ఎత్తి చెప్పాలి. లేకపోతే ఆ ఆజ్ఞ బీదవాడి మీద మాత్రమే పడుతుంది. సంఘం వైపు చూపవలసిన వేలు కూడా ఒకటుంది: క్రీస్తులో కులం లేదని ఆదివారం ప్రసంగించి, సోమవారం పెళ్లి సంబంధానికి ముందు మాలా మాదిగా అని విచారించే సంఘం, మూడో పేరాను ఎత్తివేయమని అడిగేటప్పుడు తనలో ఆ వివక్ష బతికే ఉందని కూడా ఒప్పుకోవలసి వస్తుంది, ఒప్పుకోవడం సిగ్గు గనుక అడగడమూ సగం గొంతుతోనే సాగుతుంది. దావీదు ఎదుట నాతాను, అహాబు ఎదుట ఏలీయా మాట్లాడినది పార్టీ మాట కాదు, ఒకరి గొర్రెపిల్ల గురించీ ఒకరి ద్రాక్షతోట గురించీ. అయినా రాజులకు అది రాజకీయంగానే వినిపించి ఉంటుంది. ఆ మాటకొస్తే అజరయ్య ప్రత్యేక నియోజకవర్గం వద్దని అన్నది కూడా ఒక బిషప్ చేసిన రాజకీయ ప్రకటనే. ఇన్నాళ్లూ దానిని మౌనానికి ఉదాహరణగా చూపించడం ఈ శీర్షిక పొరపాటు.

శాలువా మీది కోపం మాత్రం తగ్గలేదు, రాసిన ప్రార్థన మీది మొండితనమూ తగ్గలేదు. ఇకమీద ఆ కాగితంలో పాలకుల వాక్యం తరువాత, నిజం చెప్పి వెల చెల్లించేవారి కోసం ఇంకో వాక్యం చేరాలి. ఈ ప్రాంతపు సంఘాల్లో విజ్ఞాపన విన్నవారు ఒక సంగతి గమనించే ఉంటారు: రోగి కోసం ప్రార్థించేటప్పుడు బాప్తిస్మపు పేరు, ఏసుదాసు అనో మరియమ్మ అనో, స్పష్టంగా పలుకుతారు, అదే ఇంటి పిల్లవాడి స్కాలర్‌షిప్పు కోసమో ఉద్యోగం కోసమో ప్రార్థించేటప్పుడు, తహశీల్దారు ఇచ్చిన కుల పత్రంలో వేరే పేరు ఉన్నందువల్ల, ప్రార్థించేవారు ఒక్క క్షణం తడబడి, ఏ పేరూ చెప్పకుండా, నీ బిడ్డను జ్ఞాపకం చేసుకో ప్రభువా అని ముందుకు సాగిపోతారు.