నవ్వు ఎవరి మీద?

డిటెక్టివ్ నవల పేరెత్తితే మన విమర్శకులు మొహం చిట్లిస్తారు. ఏలూరు ప్లాట్‌ఫారం మీద కొని తాడేపల్లిగూడెం దాటేలోగా చదివి పారేసే సరుకని తీర్పు చెబుతారు. తరతరాల పాఠకులు చదివినదాన్ని ఒక్క మాటతో కొట్టిపారేయడం విమర్శ కాదు. హాస్య డిటెక్టివ్ కథను వదిలేయడం మరీ పొరపాటు. నవ్వు రచయిత దాచుకోలేని సాక్ష్యం. ఎవరిని చూసి నవ్విస్తున్నాడో తేలితే ఎవరి పక్షాన ఉన్నాడో తేలుతుంది.

ఈ కోవకు మూలం వెతుక్కుంటూ బేకర్ వీధి దాకా పోనక్కర్లేదు. 1909 నాటి 'కన్యాశుల్కం' చూడండి. పెళ్ళికూతురు మాయమవుతుంది, లుబ్ధావధాన్లు మీద హత్యానేరం పడుతుంది. అసలు హత్యే లేదు. పెళ్ళికూతురు ఆడవేషం వేసిన కరటక శాస్త్రి శిష్యుడు. పిల్లనిచ్చి పెళ్ళి చేస్తానని గురువు ఆశ చూపాడు గనుకే వాడు చీర కట్టాడు. అంటే సహాయకుడికీ ఒక గిట్టుబాటు ఉంది, దాన్ని నోరు విప్పి అడిగే చొరవ ఉంది. చిక్కుముడి విప్పేది పోలీసు కాదు, మధురవాణి. గురజాడ నవ్వంతా ముసలి పెళ్ళికొడుకు మీద, కోర్టు పక్షుల మీద.

కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలల్లో ఈ గొడవ లేదు. యుగంధర్ ఆలోచిస్తాడు, రాజు పరుగెత్తుతాడు. కొమ్మూరి వాక్యం శుభ్రమైనది, ఉత్కంఠ నడపడంలో ఆయనకు సాటి తక్కువ. కానీ రాజు జీతమెంతో మనకు పట్టదు. యజమానిని ఎదిరించని అసిస్టెంటు పక్కన ఎంత తెలివైన డిటెక్టివయినా దొరగానే మిగులుతాడు. మల్లాది 'చంటబ్బాయ్' (1986లో జంధ్యాల సినిమాగా తీశారు) ఆ దొరతనాన్ని గేలి చేసింది. అది చిన్న మేలు కాదు. అయితే ఆ గేలి ఎక్కువగా వేషం దగ్గరే ఆగిపోయింది.

2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' సినిమా ఒక అడుగు ముందుకు వేసింది. నెల్లూరులో చిన్న ఆఫీసు, పెద్ద డాబు, శిక్షణకు చేరిన స్నేహతో కీచులాట. ఇక్కడ నవ్వు పడేది డిటెక్టివ్ గొప్పల మీదే. రైలుపట్టాల పక్కన దొరికే అనాథ శవాల దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు గొంతులో ఆగుతుంది. హాస్యం నేరాన్ని తేలిక చేయలేదు. మన నవలాకారులు నేర్చుకోవలసింది ఇదీ.

వస్తువు లేదనకండి. 2006లో కొల్లేరు చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. +5 కాంటూరు లోపల చెరువు ఎవరి పేరున ఉంది, తవ్వించిందెవరు, చేప ఎవరి లారీలో పోయింది? లంక గ్రామాల్లో ఈ ప్రశ్నలకు మూడు జవాబులుంటాయి. ఒక పేద మత్స్యకారుడి సంతకం చుట్టూ ఇంత కథ ఉండగా మన డిటెక్టివులు ఇంకా బంగళాల్లో వజ్రాల హారాలు వెతకడమేమిటి? కైకలూరు వెళ్ళి రికార్డులు చూద్దామని డిటెక్టివ్ అంటే, ముందు పోయిన నెల జీతమిచ్చి ఆ తర్వాత బస్సు టిక్కెట్టు కొనమని అసిస్టెంటు గుమ్మంలో బైఠాయించే నవల ఇంకా రావలసి ఉంది.